డయాలసిస్ కోసం కొబ్బరితోట అమ్ముకోవాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా వారికి 52 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదని వైద్యులు చెప్పారు. మాకు ఎకరం కొబ్బరితోట, బ్యాంకులో రూ.80,000 డిపాజిట్, ఆరు తులాల బంగారం ఉన్నాయి. పరీక్షల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష అప్పు చేశాం. తోట అమ్మి విశాఖపట్నంలో అద్దెకు ఉంటూ వైద్యం చేయించమని బంధువులు అంటున్నారు. ఇప్పుడు ఆరోగ్య బీమా తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, తోట అమ్మవద్దు. ఆరోగ్యశ్రీగా మీకు తెలిసిన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితంగా అందుతుంది. కవిటి, సోంపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మీకు విశాఖపట్నం కన్నా ఎంతో దగ్గర.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతపు కుటుంబాలను నేను చూసినంతలో, వారిని కుంగదీసేది డయాలసిస్ బిల్లు కాదు, దానికోసం చేసే ప్రయాణం, పోగొట్టుకునే కూలి. వారానికి మూడుసార్లంటే నెలకు సుమారు 13 సార్లు వెళ్లాలి. రానూపోనూ ఆటోకు రూ.400 అయితే నెలకు రూ.5,200 అవుతుంది, అదే రూ.800 అయితే రూ.10,400 అయి, డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే రూ.10,000 నెలవారీ పింఛను మొత్తం దారిఖర్చుకే చాలదు. ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి కనుక, తోడు వెళ్లేవారికీ ఆ రోజు పని పోయినట్టే. అందువల్ల ఇంటికి దగ్గరి కేంద్రంలో చోటు సంపాదించడమే మీ కుటుంబ బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద పొదుపు. అక్కడ ఖాళీ లేకపోతే పేరు నమోదు చేయించి, దొరికేవరకు మరో కేంద్రానికి వెళ్లండి. అదే ఊరి రోగులు ఇంకొందరుంటే ఒకే ఆటోలో కలిసి వెళ్లవచ్చు.

లక్ష అప్పుకు మీరు నెలకు రూ.3,000 వడ్డీ కడుతున్నారు. కొంత బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ అప్పు తీర్చేయండి. అక్కడ వడ్డీ నూటికి నెలకు రూపాయికి అటూఇటూగా ఉంటుంది కాబట్టి దాదాపు రూ.2,000 మిగులుతుంది. గడువులోపు వడ్డీ కట్టకపోతే నగలు వేలానికి వెళ్తాయి, ఇది మాత్రం మరవవద్దు. డిపాజిట్‌ను కదపకండి; పింఛను మంజూరయ్యేవరకు, ప్రభుత్వ పథకంలో రాని మందులకు, ఇంజెక్షన్లకు అదే ఆధారం.

బీమా విషయంలో నిరాశ కలిగించక తప్పడం లేదు. ఈ దశలో మీ వారికి కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం, దొరికినా ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు వర్తించకపోవచ్చు. ఆ ప్రీమియం సొమ్ముతో మీకూ, పిల్లలుంటే వారికీ పాలసీ తీసుకోండి. మీ ప్రాంతంలో ఈ జబ్బు ఎంతగా ఉందో మీకు తెలుసు కనుక, ఇంట్లో అందరూ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవడం అంతకన్నా ముఖ్యం.

తోట అమ్మితే ఏటా వచ్చే ఆదాయం పోతుంది. రేపు కిడ్నీ మార్పిడికి అవకాశం వస్తే, ఆ తర్వాత జీవితాంతం వాడవలసిన మందులకు ఆసరా మిగలదు. ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు తీసుకొని ఈ వారమే గ్రామ సచివాలయంలో పింఛనుకు దరఖాస్తు చేయండి.