ఉచితంగా దొరికితే విలువ లేనట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ అంటే పిచ్చి. పేరున్న గేమ్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్పడానికి ఒక ఇన్‌స్టిట్యూట్ లక్షన్నర అడుగుతోంది, గేమింగ్ ల్యాప్‌టాప్ అదనం. వాడేమో అన్నీ ఉచితంగానే ఉన్నాయి, కట్టొద్దంటాడు. ఉచితంవి నేర్చుకుంటే ఉద్యోగాలిస్తారా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: కొడుకు వద్దంటున్నా ఫీజు కడతానంటున్నారంటే, రేపు ఉద్యోగం రాకపోతే ‘డబ్బుకు వెనకాడాడు’ అన్న మాట పడాల్సి వస్తుందని మీ బెంగ. ఆ టెన్షన్ వదిలేయండి.

ఆ పేరున్న ఇంజిన్లు కూడా నేర్చుకోవడానికి ఉచితమే. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన గేమ్ రాబడి పది లక్షల డాలర్లు దాటాకే రాయల్టీ కట్టాలి. యూనిటీ ఇంజిన్‌కి ఉచిత పర్సనల్ ఎడిషన్ ఉంది. అంటే ఆ లక్షన్నర లైసెన్సుకు కాదు, పాఠానికి. చెప్పేవాళ్లు సొంతంగా ఏం తయారుచేశారో అడిగారా?

ఉచితమైన వాటిలో గోడాట్ ఇంజిన్ ఉంది. దానిది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సు కాబట్టి గేమ్ అమ్ముకున్నా ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. యూనిటీ అయితే 2023లో ఇన్‌స్టాల్ లెక్కన ఫీజు వేస్తామని ప్రకటించి, గోలయ్యాక మరుసటి ఏడాది రద్దు చేసుకుంది. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే సీ భాషలో రేలిబ్ అనే చిన్న గేమ్ లైబ్రరీ, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మ గీయించే ఓపెన్‌జీఎల్ నేర్చుకోవాలి. అదే పనికి వాడే వల్కన్‌కి తొందరపడొద్దు, అందులో ఒక్క త్రిభుజం గీయడానికే వందల లైన్లు రాయాలి. గేమింగ్ ల్యాప్‌టాప్ కూడా ఇప్పుడే కొనకండి. 1993లో మొదలైన మెసా అనే ఉచిత ప్రాజెక్టు, గ్రాఫిక్స్ కార్డు లేకుండా మామూలు ప్రాసెసర్ మీదే ఓపెన్‌జీఎల్ నడిపిస్తుంది. నెమ్మదే, కానీ నేర్చుకోవడానికి చాలు.

నా అనుమానమంతా గేమ్ డెవలప్‌మెంట్ మోజు మీదే. ఆడటం ఇష్టమైన ప్రతి కుర్రాడూ తయారుచేస్తానంటున్నాడు. స్టూడియోలు తక్కువ, ఒక ప్రాజెక్టు ఆగిపోతే టీమ్ మొత్తం ఇంటికే. 2023, 2024ల్లో పెద్ద కంపెనీలే వేలమందిని తీసేశాయి. అయితే గ్రాఫిక్స్ వచ్చినవాడికి గేములొక్కటే దిక్కు కాదు. చిప్ కంపెనీల్లో డ్రైవర్ల (చిప్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పని ఉంది, క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం) ఉంది, మెడికల్ ఇమేజింగ్ ఉంది. ఎన్‌విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ ఆఫీసులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇలాంటి పనులకు కావాల్సింది సీ ప్లస్ ప్లస్, ఇంటర్‌లో పరీక్ష కోసం చదివి వదిలేసిన మాత్రికలు, వెక్టర్లు. ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ అక్కడ పెద్దగా అక్కరకు రాదు.

కటువుగా ఉన్నా ఒకటడుగుతాను. ఫీజు రసీదు ఉంటేనే మీకది చదువులా కనిపిస్తోందా? వాడు రాసిన ప్రోగ్రాం ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా?

ఈ సెలవుల్లో రేలిబ్‌తో ఒక చిన్న గేమ్ పూర్తిచేసి కోడ్ నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి. పూర్తిచేస్తే ఇష్టం నిజమే. మధ్యలో వదిలేసినా కంగారు పడకండి, వాడింకా రెండో ఏడాదే, మీ లక్షన్నరా మీ దగ్గరే ఉంటుంది.