టెండర్ ఫైలు తెరిచే ముందు

అమ్మలూ,

మీ ఊరి పాలన చూసే కౌన్సిల్లో ఉద్యోగం వచ్చిందన్న నీ మెసేజ్ చూడగానే మీ అమ్మకి ఫోన్ చేశాను. సంతోషపడింది గానీ, ఆ వెంటనే "తాగుబోతులతో, మత్తుమందుల వాళ్ళతో పనేంటక్కా దానికి?" అంది. ఇంగ్లండులో ఇరవై ఏళ్ళు నేను చేసింది ఆ పనే కదే అన్నాను. కాసేపు ఊరుకుని, "అయితే నువ్వే దానికి దారి చూపించు" అంది. అందుకే ఈ ఉత్తరం.

మద్యం, డ్రగ్స్ మాన్పించే సర్వీసు ఇప్పుడు నడుపుతున్న సంస్థ కాంట్రాక్టు వచ్చే మార్చి 31తో ముగుస్తుందనీ, తర్వాతిది ఎవరికి ఇవ్వాలో చూసే పని నీ చేతిలో పెట్టారనీ రాశావు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నావు. నాకూ మొదటిసారి అలాగే అయింది. పని పెద్దదే. 2013 ఏప్రిల్‌లో పబ్లిక్ హెల్త్ బాధ్యత ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) నుంచి కౌన్సిళ్ళకి వచ్చినప్పటి నుంచీ మద్యం, డ్రగ్స్ మానాలనుకునే వాళ్ళకి వైద్యం ఏర్పాటు చేసే పూచీ కౌన్సిల్‌ది. కౌన్సిల్ తనే డాక్టర్లని పెట్టుకుని నడపడం అరుదు. ఊళ్ళో అవసరం ఎంతుందో లెక్క వేసి, ఏం కావాలో రాసి, చేయగల సంస్థకి డబ్బిచ్చి, చేస్తున్నారో లేదో కనిపెట్టి ఉంటుంది. కమిషనింగ్ అంటే ఇంతే. ఇంగ్లండు మొత్తం మీద ఏటా సుమారు 3 లక్షల మంది ఈ ఏర్పాటు మీద ఆధారపడి ఉన్నారు.

ముందు వాళ్ళు నీకిచ్చిన ఆ లావుపాటి స్పెసిఫికేషన్ ఫైలు మూసెయ్యి. మీ సర్వీసు వెయిటింగ్ రూములో రెండు పూటలు కూర్చో. సోమవారం పొద్దున ఒకసారి, శుక్రవారం సాయంత్రం ఒకసారి. మేనేజరుకి ముందే చెప్పు. ఎవరైనా నువ్వెవరని అడిగితే దాచకుండా కౌన్సిల్ నుంచి వచ్చానని చెప్పు. లోపలికి అడుగుపెట్టిన మనిషిని ఎంతసేపటికి పలకరించారో చూడు. అద్దం వెనక కూర్చున్న రిసెప్షనిస్టుకి వినపడాలని ఆ మనిషి తన జబ్బు సంగతి గదిలో అందరూ వినేలా చెప్పుకోవాల్సి వస్తోందా? చంటిబిడ్డతో వచ్చిన తల్లి ఎక్కడ కూర్చుంటోంది? ఒకసారి నేను చూస్తుండగానే, చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాయన తలుపు సగం తెరిచి, లోపల కూర్చున్న వాళ్ళని చూసి, మళ్ళీ మూసి వెళ్ళిపోయాడు. ఆయన ఏ లెక్కలోకీ రాలేదు. ఆయన కోసం ఆ తర్వాతి కాంట్రాక్టులో సాయంత్రం పూట, వేరే భవనంలో, మద్యం వరకే చూసే క్లినిక్ రాయించాను.

తర్వాత ఫార్మసీకి వెళ్ళు. హెరాయిన్ మానడానికి, దాని బదులు ఇచ్చే మెథడోన్ అనే మందు మీద ఉన్నవాళ్ళలో చాలామంది, ముఖ్యంగా కొత్తలో, రోజూ ఫార్మసిస్టు కళ్ళెదుటే మందు తాగాలి. పచ్చటి ద్రవం, చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసి ఇస్తారు. తాగాక కాసిని మంచినీళ్ళు తాగిస్తారు, మందు నోట్లోనే ఉంచుకోకుండా రెండు మాటలు మాట్లాడిస్తారు. కొన్నిచోట్ల దీనికి చిన్న గది ఉంటుంది. కొన్నిచోట్ల షాంపూ సీసాల అర పక్కన, బిడ్డ దగ్గుమందు కొనడానికి వచ్చిన పక్కింటామె చూస్తుండగా తాగాలి. ఈ రెంటికీ కౌన్సిల్ కట్టే ఫీజు ఒకటే. కాగితం మీద రెండిటి పేరూ "సూపర్‌వైజ్డ్ కన్సంప్షన్" అనే ఉంటుంది. తేడా తెలియాలంటే నువ్వు వెళ్ళి నిలబడాలి.

ఇప్పుడు, మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 2015లో నేను పనిచేసిన చోట సంస్థ మారింది. కొత్త కాంట్రాక్టు ఏప్రిల్ 1, బుధవారం మొదలైంది. శుక్రవారం గుడ్ ఫ్రైడే, సోమవారం ఈస్టర్ సెలవు. పాత సంస్థ రాసిన నీలం రంగు ప్రిస్క్రిప్షన్లు బుధవారంతో అయిపోయాయి. కొత్తవి రాశారు, పంపారు, కానీ కొన్ని వేరే ఫార్మసీలకి చేరాయి. పదేళ్ళుగా ఒకే ఫార్మసీకి వెళ్తున్న ఒకాయన గురువారం వెళ్తే నీ పేరు మీద ఏమీ రాలేదన్నారు. సర్వీసుకి ఫోన్ చేస్తే మంగళవారం రమ్మన్నారు. వరసగా మూడు రోజులు మందు తప్పితే ఒంటికి ఆ మోతాదు తట్టుకునే అలవాటు తగ్గిపోతుంది, పాత మోతాదు అలాగే ఇవ్వకూడదు, డాక్టరు మళ్ళీ చూడాలి. మంగళవారానికి ఐదు రోజులు తప్పేవి. ఆయన అంతవరకూ ఆగలేకపోయాడు. ఒళ్ళు నొప్పులు, వాంతులు, చలి తట్టుకోలేక ఆదివారం రాత్రి బయట హెరాయిన్ కొన్నాడు. పాత రోజుల్లో వాడినంతే వాడాడు. చెల్లెలు చూసి అంబులెన్సుకి ఫోన్ చేయబట్టి, వాళ్ళు హెరాయిన్ మోతాదు మించితే దానికి విరుగుడైన నాలోక్సోన్ ఇవ్వబట్టి బతికాడు.

ఆ మార్పిడి ప్లాను మీద సంతకం నాది. అందులో కంప్యూటర్లు, తాళాలు, సిబ్బంది జీతాలు, బోర్డు మీద కొత్త పేరు, అన్నీ ఉన్నాయి. ఎవరి మందు ఏ ఫార్మసీకి వెళ్తుందో, సెలవుల్లో ఏ ఫార్మసీ తెరిచి ఉంటుందో లేదు. ఆ తర్వాత నేను ఆయన్ని కలిశాను. తిడతాడనుకున్నాను. "నా కీవర్కర్ ఉండి ఉంటే ఫోన్ చేసి చెప్పేది" అన్నాడు అంతే. కీవర్కర్ అంటే సర్వీసులో ఆయన బాగోగులు చూసే మనిషి. ఆమె కూడా ఆ మార్పులో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. చట్టప్రకారం సిబ్బంది కొత్త సంస్థకి బదిలీ అవుతారు, నిజమే. కానీ నాలుగేళ్ళకోసారి యజమాని మారుతుంటే మంచివాళ్ళు విసిగి వెళ్ళిపోతారు. ఆ మనిషికి సర్వీసు అంటే ఆ కీవర్కరూ, ఆ ఫార్మసీ. మనం కాగితాల మీద మార్చింది వాటినే.

అందుకే నీకు గట్టిగా చెప్తున్నాను. మొదట వేసుకోవాల్సిన ప్రశ్న సంస్థని మార్చాల్సిన అవసరం అసలు ఉందా అని. నా రోజుల్లో గడువు అయిపోతే టెండరు పిలవాల్సిందే అన్నట్టు ఉండేది. 2024 జనవరి 1 నుంచి సంస్థల్ని ఎంచుకోవడానికి ప్రొవైడర్ సెలెక్షన్ రెజీమ్ అనే కొత్త నియమాలు వచ్చాయి, ఈ సర్వీసులు వాటి కిందకే వస్తాయి. ఉన్న సంస్థ తన పని సరిగ్గా చేస్తూ, ఇకపైనా చేయగలదనిపిస్తే, కొత్త కాంట్రాక్టు పాతదానికి పెద్దగా తేడా లేనిదైతే, పోటీ పెట్టకుండానే కొనసాగించే దారి వాటిలో ఉంది. కారణాలు మాత్రం రాతపూర్వకంగా పక్కాగా ఉండాలి. ఎవరైనా అభ్యంతరం చెప్తే నిలబడేది ఆ రాతే. పని బాగా లేకపోతే మొహమాటపడకు, పోటీకి పిలువు. అలవాటుగా టెండరు పిలవడం మాత్రం వద్దు.

మార్చాల్సే వస్తే, ఫైనాన్స్ వాళ్ళు ఏప్రిల్ 1 అంటే క్యాలెండర్ తీసి ఈస్టర్ ఎప్పుడో చూపించు. ప్రతి మనిషి పేరుకి ఎదురుగా మందు, మోతాదు, ఫార్మసీ, ఆఖరి ప్రిస్క్రిప్షన్ తేదీ రాసిన పట్టిక రెండు సంస్థలూ కలిసి కూర్చుని సరిచూసుకోవాలి. ఫార్మసీలకి ఈమెయిల్ పంపి ఊరుకోకూడదు, ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. మార్పుకి నెల ముందే అందరికీ నాలోక్సోన్ కిట్లు ఇప్పించు, ఇంట్లోవాళ్ళకి ఎలా వాడాలో నేర్పించు. ఇప్పుడు నైటజీన్లనే కృత్రిమ మందులు హెరాయిన్‌లో కలిపేస్తున్నారు, మందు తప్పి ఒక్కసారి బయట కొన్నా ప్రాణం మీదకి వస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2023లో నమోదైన డ్రగ్స్ మరణాలు 5,448. 1993 నుంచి ఉన్న లెక్కల్లో అప్పటిదాకా అంత సంఖ్య ఎప్పుడూ లేదు.

ధర సంగతి. తక్కువకి చేస్తామని వచ్చే సంస్థ ఆ తగ్గింపు ఎక్కడి నుంచి తెస్తోందో అడుగు. దాదాపు ఎప్పుడూ అది మనుషుల నుంచే. ఒక్కో కీవర్కర్ నెత్తిన ఎంతమంది? ఈ ఒక్క ప్రశ్నకి సూటిగా అంకె చెప్పని సంస్థకి మార్కులు వెయ్యకు. డాక్టరు డేమ్ కరోల్ బ్లాక్ డ్రగ్స్ సమస్య మీద ప్రభుత్వం కోసం చేసిన సమీక్ష రెండో భాగం 2021 జూలైలో వచ్చింది. కొన్నిచోట్ల ఒక్కో వర్కర్ 50 నుంచి 80 మందిని, అప్పుడప్పుడూ 100 మందిని కూడా చూస్తున్నారని ఆవిడ రాశారు. ఎనభై మందిని చూసే మనిషి రెండు వారాలకోసారి పది నిమిషాలు ఇవ్వగలదేమో. పది నిమిషాల్లో ఎవరైనా తన చిన్నప్పటి దెబ్బల గురించి చెప్పుకుంటారా? ఆ నివేదిక నువ్వు మొత్తం చదువు, సారాంశం సరిపోదు. దాని వల్లే 2021 డిసెంబర్ జాతీయ వ్యూహంలో చికిత్స కోసం మూడేళ్ళకి 78 కోట్ల పౌండ్లు అదనంగా వచ్చాయి. అంతకుముందు ఏళ్ళ తరబడి కోతలే చూసిన నాకు ఆ రోజు కళ్ళు చెమర్చాయి. కానీ ఆ గ్రాంటు ఏడాదికేడాదే ఖరారయ్యేది, దాంతో ఏడాది ఉద్యోగాలే ఇవ్వగలిగేవాళ్ళం. కాబట్టి కీవర్కర్ల జీతాలు నికరంగా వచ్చే డబ్బులోంచి కట్టేలా చూడు, అలా ఏడాదికే ఖరారయ్యే గ్రాంటు ఏదైనా వస్తే ప్రయోగాలకి వాడుకో.

లెక్కల విషయంలో జాగ్రత్త. నీకు ప్రతి మూడు నెలలకీ ఎన్‌డీటీఎంఎస్ (ఈ చికిత్సల లెక్కలు సేకరించే జాతీయ వ్యవస్థ) అంకెలు వస్తాయి. ఎంతమంది చేరారు, పన్నెండు వారాలు నిలబడ్డారా, ఎంతమంది విజయవంతంగా పూర్తిచేసి ఆరు నెలల్లో తిరిగి రాలేదు. ఉపయోగపడే అంకెలే. కానీ ఒకప్పుడు ఆ "పూర్తిచేసినవాళ్ళు" అన్న అంకె మీదే అందరి చూపూ పడింది. దానికి డబ్బు ముడిపెట్టిన చోట, మెథడోన్ మీద కుదురుగా, ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటున్నవాళ్ళని కూడా ఇక మానెయ్యమని తొందరపెట్టడం నేను చూశాను. బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి అలా తొందరపెడతామా? కాంట్రాక్టు డబ్బుని ఆ అంకెకి ముడిపెట్టకు.

మీటింగుల్లో కోలుకున్నవాళ్ళని ఇద్దరినైనా కూర్చోబెట్టుకో. ఆఖర్లో "మీరేమంటారు" అని అడగడానికి కాదు. ప్రశ్నలు తయారుచేసేటప్పుడే పిలువు, మార్కులు వేసేటప్పుడూ ఉంచు. వాళ్ళ టైముకి డబ్బివ్వు, బస్సు టికెట్ డబ్బులు అదే రోజు చేతిలో పెట్టు. ఇన్వాయిస్ పంపితే నెలలో వేస్తాం అంటే మళ్ళీ రారు.

మద్యం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డ్రగ్స్ పేరుతో వచ్చే డబ్బు, భయం ముందు మద్యం ఎప్పుడూ వెనకబడుతుంది. తాగుడికి బానిసైన వాళ్ళలో ఎక్కువమంది చికిత్సకే రావడం లేదు. మనవాళ్ళ ఇళ్ళ సంగతి నీకు తెలుసు. మా ఊళ్ళో తెలుగు సంఘంలో నేను ఈ పని చేస్తానని తెలిశాక, పండగ భోజనాల దగ్గర చెయ్యి కడుక్కోవడానికి వచ్చినట్టు వచ్చి, "అక్కా, మా ఆయన..." అని సగంలో ఆపేసిన ఆడవాళ్ళు ఎంతమందో. ఒకమ్మాయి అయితే సీసాలన్నీ సింకులో పారబోశాను, మూడు రోజుల నుంచి చుక్క ముట్టనివ్వలేదు, చేతులు వణుకుతున్నాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు అంది. వెంటనే అంబులెన్సు కోసం 999కి ఫోన్ చేయించాను. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆ అమ్మాయికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. అందుకే కుటుంబాలకి నేరుగా సాయం చేసే ఏర్పాటు, ఇంటి మనిషి చికిత్సకి రాకపోయినా సరే వాళ్ళకి అందేది, కాంట్రాక్టులో విడిగా రాయించు. దుబాసీ కావాలంటే బంధువునో, అదే ఊరి తెలుగాయన్నో పెట్టొద్దని కూడా రాయించు. పరువు పోతుందనుకుంటే నోరు విప్పరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళూ సారా అంగడి మూయించినప్పుడు మా అమ్మ నాకు ఇక్కడికి ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. మన జిల్లా ఆడవాళ్ళే కదా, ఆ రోజుల్లో అమ్మ అంత సంబరంగా రాసిన ఉత్తరం ఇంకోటి లేదు. మరుసటి ఏడాది సారా నిషేధమే వచ్చింది. ఆ ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: మన వీధి చివర ఉండే మేస్త్రీ సారా దొరక్క వణికిపోతున్నాడు, ఏం చెయ్యాలో ఎవరికీ తెలియడం లేదు. అంగడి మూయించడానికి ఊరంతా కదిలింది. ఆ మేస్త్రీని ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పే మనిషి లేడు. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆయనే. ఇప్పుడు మీ ఊళ్ళో ఆ మనిషివి నువ్వు.

శనివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు మీ ఊరి ఫార్మసీల జాబితా తీసుకురా. ఏది ఆదివారం తెరుస్తుందో, దేంట్లో విడిగా గది ఉందో పక్కన పెన్నుతో రాసుకుని రా. భోజనం చేసి, బల్ల మీద మ్యాప్ పరుచుకుని కూర్చుందాం.

నీ పెద్దమ్మ