అబ్బాయి అప్లికేషన్ డిఫర్ అయింది, ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి ట్వెల్త్ గ్రేడ్, చిన్నప్పటి నుంచి స్విమ్మింగ్. ఒక డివిజన్ 3 (కాలేజీ క్రీడల్లో మూడో అంచె) కాలేజీ కోచ్ వేసవిలోనే వాడిపై ఆసక్తి చూపి, ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటిస్తే తప్పక చేరతామని రాసిచ్చి, వేయమన్నారు. వేశాడు. మొన్న డిసెంబరు మధ్యలో ‘డిఫర్డ్’ అని వచ్చింది. అప్పటి నుంచి గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. ‘తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి పూల్‌కి తిప్పింది ఇందుకా? ఆ టైము చదువు మీద పెట్టినా బాగుండేది’ అని మావారు వాడి ముందే అంటున్నారు. కోచ్‌తో తనే మాట్లాడతానని పట్టుబట్టారు. ఆ కాలేజీలో చదివిన స్నేహితుడితో ఉత్తరం రాయిస్తానంటున్నారు. విజయవాడ నుంచి మా అత్తగారు రోజూ ఫోన్ చేసి సీటు సంగతి అడుగుతున్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: ముందుగా మీవారిని ఫోన్ పక్కన పెట్టమనండి. కోచ్‌తో మాట్లాడాల్సింది మీ అబ్బాయి. నాలుగేళ్లు ఆ కోచ్ దగ్గర ఈదేది వాడే. కష్టకాలంలో కుర్రాడు తన మాట తను మాట్లాడుకోగలడా అన్నది కూడా కోచ్ చూస్తారు. తండ్రి ఫోన్ చేస్తే మర్యాదగా నాలుగు ముక్కలు చెప్పి పెట్టేస్తారు. అదే వాడు అడిగితే అసలు సంగతి బయటపడే అవకాశం ఉంటుంది.

డిఫర్ అంటే కాదన్నట్టు కాదు. అప్లికేషన్‌ను అందరితోపాటు చూసే రెగ్యులర్ రౌండ్‌లోకి నెట్టారు. మార్చి ఆఖరులోనో, ఏప్రిల్ మొదట్లోనో మళ్లీ చెబుతారు. చాలామంది తల్లిదండ్రులు గమనించని విషయం ఒకటుంది. ఎర్లీ డెసిషన్‌లో వేసేటప్పుడు ‘సీటిస్తే తప్పక చేరతాను’ అని సంతకం పెట్టారు కదా, డిఫర్ అయిన క్షణమే ఆ కట్టుబాటు పోయింది. (ఎర్లీ డెసిషన్‌ను పొట్టిగా ‘ఈడీ’ అంటారు. ఇది మన పేపర్లలో దాడులు చేసే ఈడీ కాదని అత్తగారికి చెప్పాల్సి రావచ్చు.) ఇప్పుడు వాడు మరో కాలేజీలో ఎర్లీ డెసిషన్ 2 వేసుకోవచ్చు. చాలాచోట్ల దాని గడువు జనవరి మొదటి వారంలోనే. కొన్నిచోట్ల 15 దాకా ఉంటుంది. ఫలితం ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. అందుకే ఏడ్చినా, అలిగినా ఈ వారమే. వచ్చేవారం పని ఉంది.

కోచ్ విషయంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. డివిజన్ 3 కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. సీటిచ్చేది అడ్మిషన్స్ ఆఫీసే. కోచ్ వేసవిలో మార్కులు, టెస్టు స్కోర్లు వాళ్లకు చూపించి ముందే ఒక అభిప్రాయం తీసుకుంటారు. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. చాలా కాలేజీల్లో కోచ్ గట్టిగా మద్దతు ఇవ్వగలిగిన పేర్లు కొన్నే ఉంటాయి. ‘నువ్వంటే మాకు చాలా ఇష్టం, అప్లై చెయ్యి’ అనడం ఒకటి, ‘నీ ప్రీ-రీడ్ బాగా వచ్చింది, నా జాబితాలో నీ పేరు ఇచ్చాను’ అనడం మరొకటి. మన ఇళ్లలో మొదటి మాట వినగానే రెండోది విన్నంత సంబరపడిపోతాం. నిజంగా జాబితాలో ఉన్నవాళ్లూ డిఫర్ అవుతుంటారు. ప్రీ-రీడ్ అయ్యాక సీనియర్ ఏడాదిలో ఓ ఏపీ కోర్సు (స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) వదిలేయడం, మొదటి క్వార్టర్‌లో గ్రేడ్ జారడం దీనికి మామూలు కారణాలు. వీటిలో మీవాడిది ఏదో ముందు తేల్చుకోవాలి.

అందుకని రెండు రోజుల్లో వాడు కోచ్‌కి చిన్న ఈమెయిల్ పెట్టి, పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే టైము అడగాలి. ప్రశ్నలు కాగితం మీద రాసుకోమనండి: డిఫర్ ఎందుకైందో అడ్మిషన్స్ వాళ్లు మీకేమైనా చెప్పారా? రెగ్యులర్ రౌండ్‌లోనూ నాకు మద్దతిస్తారా? నా ఈవెంట్లలో ఇప్పటికే ఎంతమందికి సీటు వచ్చింది? గ్రేడ్లు పెరిగితే పనవుతుందా, టైములు తగ్గితే పనవుతుందా? నేను మరోచోట ఈడీ 2 వేస్తే మీరేమంటారు? ఆఖరి ప్రశ్న అడగడానికి పిల్లలు జంకుతారు, కానీ ఎక్కువ నిజం దొరికేది అక్కడే. ‘వేసుకో, అదే మంచిది’ అని కోచ్ అంటే దారి తెలిసిపోయినట్టే. ‘అన్నీ కుదురుతాయని ఆశిద్దాం’ అని నాన్చితే మద్దతు లేదనే లెక్క. సీటొచ్చాక జట్టులో ప్రయత్నించవచ్చు అన్నా అంతే. కోచ్‌ను తిట్టుకోనక్కర్లేదు. తప్పక చేరతామన్న పిల్లల మీదే కోచ్‌లు తమ బలం ముందు ఖర్చు పెడతారు కాబట్టి, రెగ్యులర్ రౌండ్ వచ్చేసరికి చేతిలో పెద్దగా మిగలదు.

అదే రోజు, వేసవిలో వాడితో మాట్లాడిన మిగతా కోచ్‌లకూ రాయాలి. ఎనిమిది పది లైన్లు చాలు. గ్రాడ్యుయేషన్ సంవత్సరం, రెండు మూడు ఈవెంట్లలో యార్డుల పూల్ బెస్ట్ టైములు, జీపీఏ, టెస్టు స్కోరు, ‘డిఫర్ అయ్యాను, ఈడీ 2కి అవకాశం ఉంది, మీ జట్టులో చోటుందా? నా మార్కులు త్వరగా ఒకసారి చూపించగలరా?’ అన్న మాట. డిఫర్ సంగతి దాచకూడదు. రాసేముందు ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల పోటీ బృందం) ఛాంపియన్‌షిప్‌లో కిందటి ఫిబ్రవరిలో పదహారో స్థానానికి ఎంత టైము పట్టిందో చూసుకోమనండి. వాడి టైము దానికి దగ్గరలో ఉంటే కోచ్ జవాబిస్తారు. మళ్లీ ఫిబ్రవరిలో వాళ్లంతా ఆ మీట్ హడావిడిలో పడతారు, అప్పుడు రాస్తే చదివే తీరిక ఉండదు.

ఈడీ 2 మళ్లీ కట్టుబాటే. సీటొస్తే ఈ డిఫర్ అయిన అప్లికేషన్‌ను కూడా వెనక్కి తీసుకోవాలి. కాబట్టి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మీ ఆదాయం వేసి, కట్టాల్సింది ఎంతో ముందే చూసుకోండి. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ఏడాది మొత్తం ఖర్చు ఇప్పుడు 90 వేల డాలర్ల చుట్టూ ఉంది. మీవాడు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉంటే ఫెడరల్ సాయం రాదు, చాలా కాలేజీలు విదేశీ విద్యార్థిగానే లెక్కేస్తాయి. ఇది ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు నేరుగా రాసి తెలుసుకోవాల్సిన విషయం, పార్టీలో ఎవరో చెప్పిన మాట మీద నడిచే విషయం కాదు.

పాత కాలేజీ మీదే మనసుంటే అక్కడికి ఒక్క ఉత్తరం చాలు. జనవరిలో, మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చాక పంపాలి. కాలేజీ అప్లికేషన్ పోర్టల్‌లో ఏం పంపమన్నారో, వద్దన్నారో ముందు చదవండి, వద్దంటే పంపకూడదు. మూడు నాలుగు వందల పదాలు: ఇంకా ఆసక్తి ఉందన్నది, నవంబరు తర్వాత మారినది మాత్రమే. ‘200 బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అప్లై చేసినప్పుడు ఇంత, ఫలానా తేదీన ఫలానా మీట్‌లో ఇంత’ అన్నట్టు రాయాలి. కొత్త టైము లేకపోతే ఉందన్నట్టు సాగదీయవద్దు. సీటొస్తే తప్పక చేరతానన్న మాట నిజమైతేనే రాయాలి. గ్రేడ్లను స్కూల్ కౌన్సెలరే మిడ్-ఇయర్ రిపోర్టుగా పంపుతారు. వెళ్లిందో లేదో వాడు ఒకసారి కనుక్కోవాలి. మీవారి స్నేహితుడి ఉత్తరం మానేయండి. వాణ్ని క్లాసులో గానీ పూల్‌లో గానీ చూడని పెద్దమనిషి సిఫారసుకు అక్కడ విలువుండదు.

టైము తగ్గించాలన్న ఆత్రంలో వారం వారం మీట్లకు తిప్పకండి. చలికాలం గట్టి ప్రాక్టీసు అలసట ఒంట్లో ఉండగా పోటీల్లో టైములు చాలావరకు పెరుగుతాయే గానీ తగ్గవు. పైగా ఆ టైములన్నీ కోచ్‌లు ఇంటర్నెట్‌లో చూస్తారు. క్లబ్ కోచ్‌తో కూర్చుని ఫిబ్రవరిలో ఒక్క మీట్ ఎంచుకుని దానికే టేపర్ (పోటీకి ముందు ప్రాక్టీసు తగ్గించి ఒంటికి విశ్రాంతినివ్వడం) పెట్టించండి. భుజం నొప్పి అంటుంటే దాన్ని అలకగా తీసుకోకండి.

ఇక ఇల్లు. ‘పూల్‌కి తిప్పింది ఇందుకా’ అన్న మాట ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది. వాడు చదువు మానేసి ఈదలేదు, రెండూ చేశాడు. మీవారికి కోపం కాదు, భయం అయి ఉండొచ్చు. ‘నాకూ బాధగానే ఉంది, నీ తప్పు కాదు’ అని ఒక్కసారి అనమనండి. ఉపన్యాసం వద్దు. కాలేజీ మాటలు ఆదివారం సాయంత్రం అరగంటకే పరిమితం చేసుకోండి. మిగతా రోజుల్లో భోజనాల దగ్గర ఆ ఊసెత్తకూడదు. పోర్టల్ పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉండనివ్వండి. కోచ్ మాట నమ్మి ‘కమిటెడ్’ (ఆ కాలేజీ జట్టులో చేరుతున్నా) అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసి ఉంటే, తలుపు వేసుకోవడం వెనక అదే ఉండొచ్చు. ఆ పోస్టు తీయాలో ఉంచాలో వాడే తేల్చుకుంటాడు.

అత్తగారికి, వాట్సాప్ బంధువులకు అందరికీ ఒకే మాట: ‘మార్చి ఆఖరుకి తెలుస్తుంది, మేమే ఫోన్ చేసి చెబుతాం.’ ఆవిడ మనవడితోనే మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి, సీటు సంగతి తప్ప.

వాణ్ని ఒక ప్రశ్న అడగండి, జవాబు కోసం తొందరపెట్టకండి. రేపు భుజం దెబ్బతిని ఈత ఆగిపోతే, ఆ కాలేజీలో నాలుగేళ్లు ఇష్టంగా ఉండగలవా? ఉండలేనంటే, జనవరిలో వేయాల్సిన జాబితా మారిపోతుంది. పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో క్లబ్ స్విమ్మింగ్ ఉంటుంది, దానికి రిక్రూట్‌మెంట్ అక్కర్లేదు.

నిద్ర, తిండి రెండు వారాలు దాటినా దారికి రాకపోతే, ప్రాక్టీసుకు వెళ్లడం పూర్తిగా మానేస్తే పీడియాట్రీషియన్‌కు, స్కూల్ కౌన్సెలర్‌కు చెప్పండి. బతకడం అనవసరం అన్న ధోరణి మాటల్లో వినపడితే మాత్రం ఆగకండి. అదే రోజు 988కి (ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాలకు అమెరికాలో ఉన్న హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, టెక్స్ట్ కూడా చేయవచ్చు.

మార్చిలో ఆ కాలేజీ నుంచే సీటొచ్చిందనుకోండి, సంబరంలో వెంటనే డిపాజిట్ కట్టేయకండి. మే 1 దాకా సమయం ఉంటుంది. ఈలోగా జట్టు నిండిపోయి ఉండొచ్చు. జట్టులో చోటు ఖాయమేనా అని కోచ్‌ను వాడే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే కట్టండి.