కొత్త గిటార్ కొనకు, ముందు ఆ బటన్ నొక్కు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఎలక్ట్రిక్ గిటార్ వాయించి రికార్డు చేసి పంపిన నిమిషన్నర ముక్క నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. వాయింపు బాగానే ఉందిరా. సౌండే బాలేదు. క్లీన్‌గా వాయించిన చోట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది, డిస్టార్షన్ వేసిన చోట తేనెతుట్టెను కర్రతో కదిపినట్టుంది. దీనికి నువ్వు కనిపెట్టిన వైద్యం, ఉన్న గిటార్ అమ్మేసి అరవై వేలు పెట్టి ఇంకోటి కొనడం! మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పరా వాడికి" అంది. అందుకే ఈ ఉత్తరం.

గిటార్‌ను కంప్యూటర్‌కి కలిపే నీ ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా ఫోటో కూడా చూశాను. గిటార్ జాక్ గుచ్చిన ఇన్‌పుట్ పక్కన 'ఇన్‌స్ట్' (ఇన్‌స్ట్రుమెంట్) అని ఒక బటన్ ఉంది. దాని లైటు వెలగడం లేదు. నీ దుప్పటి జబ్బు అదే. గిటార్ పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంతం, తీగచుట్ట) నుంచి వచ్చే సిగ్నల్ చాలా నాజూకైనది. కీబోర్డు లాంటివాటి కోసం పెట్టిన లైన్ ఇన్‌పుట్‌కి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి ఎదురునిలిచే గుణం, సుమారు 10 వేల ఓమ్‌లు ఉంటుంది. అందులో గుచ్చితే పికప్ మీద బరువు పడి పైస్థాయి మెరుపంతా అక్కడే చచ్చిపోతుంది. ఆ బటన్ నొక్కితే ఇంపెడెన్స్ సుమారు 10 లక్షల ఓమ్‌లకు పోతుంది, గిటార్ ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచి సరిచేద్దామనుకోకు. చచ్చినదాన్ని పెంచితే వచ్చేది బుస్సుమనే శబ్దమే.

ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. వైరులోంచి కంప్యూటర్‌లోకి పోయేదాకా జరిగిన తప్పును ఎవరూ దిద్దలేరు. లోపలికి వెళ్ళాక చేసేది ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. నువ్వు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నావు. కంప్యూటర్‌లో సౌండు మార్చే ప్లగిన్లు వెతకడానికి మూడు రాత్రులు, గిటార్ ట్యూన్ చెయ్యడానికి మూడు నిమిషాలు!

ఈ సంగతి నాకు తెలిసింది దెబ్బ తిన్నాకే. తొంభైల్లో కోడంబాకంలో ఒక పాటకి సౌండు మార్చే నా పెడల్స్ అన్నీ వేసుకుని, డిస్టార్షన్ దట్టంగా పెట్టి వాయించాను. రికార్డైంది ఆ సౌండే, క్లీన్ ట్రాక్ లేదు. మర్నాడు సంగీత దర్శకుడికి అది ఎక్కువనిపించింది. తగ్గిద్దామంటే ఎలా తగ్గుతుంది? కూరలో కలిసిన కారం లాంటిది అది. నేనేమో పెళ్ళికని విజయవాడ రైలెక్కేశాను. ఇంకొకర్ని పిలిచి వాయించుకున్నారు. డబ్బులిచ్చారు గానీ పాటలో నేను లేను. నీకా బాధ లేదు, ట్రాక్‌లో క్లీన్ సిగ్నలే రికార్డు చేసుకుని, ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) సౌండును ప్లగిన్‌లో వింటూ వాయించవచ్చు. రేపు మనసు మారితే ఆంప్ మార్చు, వాయింపు అలాగే ఉంటుంది.

ఇక గెయిన్, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది. టెస్ట్ చేసేటప్పుడు అందరం మెల్లగా వాయిస్తాం, టేక్‌లో ఆవేశం వచ్చి బాదేస్తాం. అందుకని పాటలో అన్నిటికన్నా గట్టిగా కొట్టే చోటే వాయించి సెట్ చెయ్యి. పీక్ (మీటర్ అన్నిటికన్నా పైకి పోయే మట్టం) మైనస్ 12, మహా అయితే మైనస్ 10 డీబీ దాటకూడదు. 24 బిట్‌లో రికార్డు చేస్తే తక్కువైందన్న భయం అక్కర్లేదు. ప్లగిన్‌కి చాలకపోతే ప్లగిన్ ఇన్‌పుట్ దగ్గర పెంచుకో. ఎర్ర లైటు వెలిగిందా, ఆ టేక్ పోయినట్టే.

తేనెతుట్టె సంగతి. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని పెద్దగా పలికించదు. డిస్టార్షన్‌లోని గరగరను జల్లెడ పట్టేది అదే. నువ్వు ఆంప్ ప్లగిన్ పెట్టి క్యాబినెట్ (ఆ స్పీకర్ పెట్టె) మర్చిపోయావు, జల్లెడ లేకుండా పిండి వచ్చింది. స్పీకర్ పెట్టె పలికే తీరును పట్టుకున్న ఒక ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) ఫైల్ లోడ్ చెయ్యి, ఉచితంగా బోలెడు దొరుకుతాయి. ఆంప్ ప్లగిన్‌లోనే క్యాబ్ ఉంటే మళ్ళీ ఇంకోటి వెయ్యకు, డబ్బాలో పాడినట్టుంటుంది.

చెయ్యి ముందు, శబ్దం వెనక అన్నావు. బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి పోగేసుకునే సైజు) 128 శాంపిళ్ళకి దించు. 48 వేల శాంపిల్ రేటులో అది 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిసి పది దాకా అయినా కంగారు లేదు. స్టేజి మీద ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడితే గాలిలో శబ్దానికే 9 మిల్లీసెకన్లు పడుతుంది, మేమెవరం ఫిర్యాదు చెయ్యలేదు. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆలస్యం తగ్గించే ఆసియో (ASIO) డ్రైవరే వాడు. ప్లగిన్‌లో వింటున్నప్పుడు ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్ ఆపెయ్యి, లేకపోతే పచ్చి సౌండు కూడా కలిసి వినిపిస్తుంది.

నీ ట్రాక్ వెనక సన్నగా మ్‌మ్‌మ్ అంటోంది చూడు, అది కరెంటు 50 హెర్ట్జ్ హమ్. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లకి పుట్టుకతో వచ్చిన గుణం. కుర్చీలో కూర్చుని గిటార్ పట్టుకుని మెల్లగా చుట్టూ తిరుగు. ఒక దిక్కున హమ్ దాదాపు మాయమవుతుంది, అటే తిరిగి వాయించు. నేను ఇప్పటికీ మా సాలిగ్రామం ఇంట్లో వంటింటి వైపు తిరిగి రికార్డు చేస్తాను, మీ అత్తయ్య నవ్వుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ కూడా ఒకసారి ఆపి చూడు. చాలా స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) గిటార్లలో పికప్ స్విచ్ 2, 4 స్థానాల్లో రెండు పికప్‌లు కలిసి హమ్‌ను చంపేస్తాయి.

డబ్బు ఖర్చు పెట్టాలని మరీ దురదగా ఉంటే కొత్త తీగలు వేయించు. వేశాక వేళ్ళతో లాగి లాగి ట్యూన్ చెయ్యి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కినా శ్రుతి సరిగ్గా ఉందో చూసుకో. మీ బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో మంచి జాక్‌లు కొని మూడు మీటర్ల కేబుల్ చేయించుకో, పొడుగు కేబుల్ కూడా ట్రెబుల్ తినేస్తుంది. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకి మీ చెల్లి హెయిర్ బ్యాండ్ ఒకటి చుట్టు. లీడ్ వాయిస్తుంటే మిగతా తీగల గుసగుసలు ఆగిపోతాయి. కుడి, ఎడమ రెండుపక్కలా రిథమ్ కావాలంటే రెండుసార్లు వాయించు. కాపీ పేస్ట్ చేస్తే వెడల్పు రాదు, గట్టిదనమే వస్తుంది.

ఆంప్ లేకుండా వైరు గుచ్చితే అది దొంగదారి అని మీ ఫ్రెండ్ అన్నాడట. 1968లోనే బీటిల్స్ గిటార్లను నేరుగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లోకి గుచ్చి, దాన్నే పగిలిపోయేలా గరగరలాడించి రికార్డు చేశారని చెప్పు. మారతహళ్ళి పీజీలో అర్ధరాత్రి పూట పక్కమంచంవాడు గురక పెడుతున్నా ట్రాక్‌లోకి రాదు. మైకు పెడితే ఆ గురకకి కూడా క్రెడిట్ ఇవ్వాలి!

ఈసారి వాట్సాప్‌లో ఆడియోగా పంపకు, నొక్కి నొక్కి పాడుచేస్తుంది. వేవ్ ఫైళ్ళు రెండు డ్రైవ్‌లో పెట్టు, క్లీన్‌ది ఒకటి, ఆంప్ వేసినది ఒకటి. శనివారం రాత్రిలోగా పెడితే వింటాను, ఆదివారం పొద్దున్న నాకు రికార్డింగ్ ఉంది.

మీ మామయ్య