డ్రాఫ్ట్ మీరే చదవండి, స్టాంపు కట్టకముందే

ప్రశ్న: బోడుప్పల్‌లో 150 గజాల ప్లాటు 60 లక్షలకి మాట్లాడుకున్నాం, అగ్రిమెంట్ అయింది, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. డాక్యుమెంట్ రైటరేమో అంతా నేను చూసుకుంటా, మీరు ఆ రోజు వచ్చి సంతకం పెడితే చాలు అంటున్నాడు. రిజిస్ట్రేషన్ చేసేది గవర్నమెంటే కదా ఇంకేం భయం అని మావారు. నాకే మనసొప్పట్లేదు. ఏం చూసుకోవాలి?
— ఉప్పల్ నుంచి ఒక గృహిణి

జవాబు: మీ మనసు చెప్పిందే కరెక్టమ్మా. సబ్ రిజిస్ట్రార్ చూసేది ముఖ్యంగా, సంతకం పెట్టే మనుషులు వాళ్ళేనా, డ్యూటీ సరిగ్గా కట్టారా, ఆ సర్వే నంబర్ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడదని గవర్నమెంట్ పెట్టిన జాగాల లిస్టులో ఏమైనా ఉందా అని. అమ్మేవాళ్ళకి ఆ జాగా మీద నిజంగా హక్కుందా లేదా అని తవ్వి తేల్చడం ఆయన పని కాదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీ రికార్డులోకి ఎక్కడం, అంతే, టైటిల్‌కి, అంటే యాజమాన్య హక్కుకి గవర్నమెంట్ పూచీ ఇచ్చినట్టు కాదు. 2024లో హైడ్రా (చెరువులు, గవర్నమెంట్ జాగాల ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళొచ్చే హద్దు లోపల, కూల్చిన ఇళ్ళలో రిజిస్టర్డ్ కాగితాలున్నవాళ్ళ ఇళ్ళు కూడా ఉన్నాయి, మనందరం టీవీల్లో చూశాం కదా.

ముందు ఈసీ తీయండి, అంటే ఆ జాగా మీద ఇప్పటిదాకా ఏమేం రిజిస్టర్ అయ్యాయో చూపించే కాగితం, 1983 నుంచి జరిగినవాటికి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. కానీ ఈసీలో కనిపించేది రిజిస్టర్ అయినవే, కోర్టు కేసు గానీ, వాటా రావాల్సిన అక్కచెల్లెళ్ళ గొడవ గానీ, మామూలు కాగితం మీద ఇంకొకరితో రాసుకున్న అగ్రిమెంట్ గానీ అందులో కనపడకపోవచ్చు. అందుకే లింక్ డాక్యుమెంట్ల, అంటే ఆ జాగా అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజుల ఒరిజినల్స్ మీ చేతిలోకి తీసుకుని చూడండి. ఎన్నిసార్లడిగినా జిరాక్సులే చూపిస్తుంటే ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమో అని అనుమానించాల్సిందే.

ఇక అసలు సంగతి, డ్రాఫ్ట్, అంటే రిజిస్ట్రేషన్‌కి ముందు రైటర్ రాసే దస్తావేజు ముసాయిదా. అందరూ పేర్లూ డబ్బూ చూసి వదిలేస్తారు, చివర్లో ఉండే షెడ్యూల్, అంటే జాగా వివరాల భాగం మాత్రం ఎవ్వరూ చదవరు, గొడవలన్నీ వచ్చేది అక్కడే. ప్లాట్ నంబరు, సర్వే నంబరు, గజాలు, నాలుగు వైపులా హద్దులు, ఇవి లింక్ డాక్యుమెంట్‌లో ఎలా ఉన్నాయో ఇందులోనూ అలాగే ఉన్నాయా చూడండి, తర్వాత ఆ కాగితం పట్టుకుని ప్లాట్ దగ్గరికెళ్ళి నిలబడి తూర్పున నిజంగా రోడ్డుందా, పడమర పక్క ప్లాట్ నంబరు అదేనా అని సరిచూసుకోండి. మీ ఏరియాలో ఇంకో చిక్కుంది, 2016లో జిల్లాలు విడదీశారు కాబట్టి పాత కాగితాల్లో ఘట్‌కేసర్ మండలం రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు మేడిపల్లి మండలం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, పాతదీ కొత్తదీ రెండూ రాయించండి, రేపు బ్యాంకులో లోన్‌కెళ్ళినా మళ్ళీ అమ్మాలన్నా ఎవరూ ఇదేంటని అడగరు.

డబ్బు ఎలా ఇచ్చారో కూడా ఒక్కొక్కటీ రాయించండి, చెక్కు నంబరు, ఆర్టీజీఎస్ నంబరు, తారీఖులతో సహా. 2021 జూలై నుంచి ఉన్న రేట్ల ప్రకారం స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, అన్నీ కలిపి 7.5 శాతం, అంటే మీ 60 లక్షలకి నాలుగున్నర లక్షలు. గవర్నమెంట్ లెక్క ప్రకారం ఉన్న మార్కెట్ వాల్యూ, మీరిచ్చే ధర, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను), అంటే 60 వేలు, అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, ఆడిటర్‌ని అడగండి. డ్యూటీ తగ్గుతుందని తక్కువ ధర వేద్దామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి.

రిజిస్టర్ అయ్యాక తప్పు కనపడితే సవరణ దస్తావేజు చేయించాలి, దానికి అమ్మినవాళ్ళు మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బులు ముట్టాక వాళ్ళు ఫోన్ ఎత్తుతారన్న నమ్మకం నాకైతే లేదు. అందుకే డ్రాఫ్ట్ రెండు మూడు రోజుల ముందే ఇమ్మని రైటర్‌ని గట్టిగా అడగండి, ఇవ్వనంటే రైటర్‌ని మార్చేయండి.

ప్రశ్న: మలక్‌పేటలో ఇల్లు నాన్న సంపాదించింది, ఆయన పేరు మీదే ఉంది, వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ నాకు గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేస్తానంటోంది. చెల్లి ఓకే అంది. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, తనకీ అభ్యంతరం లేదు కానీ రాలేడు.
— మలక్‌పేట పాఠకుడు

జవాబు: అమ్మగారు ఇల్లంతా గిఫ్ట్ ఇవ్వలేరండి, ఎందుకంటే ఇల్లంతా ఆవిడది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ మీ ముగ్గురికీ సమాన వాటాలు, తలా పావు వంతు. ఆవిడ తన పావు వంతే ఇవ్వగలరు. చెల్లెలు, అన్నయ్య తమ వాటాలు మీకు వదులుతూ హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి, నోటితోనో వాట్సాప్‌లోనో ఓకే అంటే లెక్కకి రాదు. అన్నయ్య అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున ఇక్కడ ఇంకొకరు సంతకం పెట్టడానికి ఇచ్చే అధికార పత్రం) అటెస్ట్ చేయించి పంపాలి, అది ఇక్కడికి చేరాక 3 నెలల్లోపు స్టాంప్ వేయించాలి. ఏ ఇల్లు, ఎవరి పేరున వదులుతున్నాడు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

ఇంకో మాట, మీ మీద అనుమానంతో కాదు. అమ్మగారు బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉంటారని, ఆవిడ మంచీచెడూ మీరే చూసుకుంటారని గిఫ్ట్ డీడ్‌లో రాయించండి. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టంలో 23వ సెక్షన్ కింద గిఫ్ట్ రద్దు కోరాలంటే అలాంటి షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ రక్షణ ఆవిడకి ఇవ్వాల్సింది మీరే.

ప్రశ్న: 2009లో ఒక పెద్దాయన దగ్గర 80 గజాల ఇల్లు నోటరీ మీద కొన్నాం. ట్యాక్స్, కరెంటు బిల్లు మా పేరు మీదే వస్తున్నాయి. ఇది చాలదా? ఆయన ఇప్పుడు మంచంలో ఉన్నారు.
— బోరబండ నుంచి

జవాబు: చాలదన్నా. నోటరీ అంటే సంతకం ఫలానా వాళ్ళదే అని చెప్పడం, అంతవరకే. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిందే. ట్యాక్స్ రసీదులు, కరెంటు బిల్లులు మీరక్కడ ఉంటున్నారనడానికి పనికొస్తాయి, పారేయకండి, కానీ వాటితో ఓనర్ అయిపోరు.

ముందు ఆ పెద్దాయనకి ఎలాంటి కాగితం మీద ఆ జాగా వచ్చిందో, అది నిషేధిత జాబితాలో లేదు కదా అన్నది చూసుకోండి. అది బాగుంటే ఆలస్యం చేయకుండా సేల్ డీడ్ రాయించండి. ఆయన పోతే వారసులందర్నీ ఒప్పించి సంతకాలు తీసుకోవాలి, అది చాలా కష్టం. ఆఫీసుకి రాలేని స్థితిలో ఉంటే అదే చట్టం 31వ సెక్షన్ కింద అప్లికేషన్ పెడితే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చి తీసుకుంటారు, విజిట్ ఫీజు కట్టాలి, డాక్టర్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, ఈ వారమే వెళ్ళి అడగండి.