ప్రపంచంలో ఇంత పేదరికం ఉంటే క్రైస్తవులు ప్రార్థనతో సరిపెడతారా?

మీ ప్రశ్నలో రెండు నిందలున్నాయి. పేదరికాన్ని చూసి క్రైస్తవులు ప్రార్థన చేసి ఊరుకుంటారనేది ఒకటి, ఏదైనా ఇస్తే మతం మార్చడానికే ఇస్తారనేది రెండోది. నేను ఒంగోలులో బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగాను కాబట్టి ఇక్కడి సంగతులతోనే జవాబిస్తాను.

ముందు రెండోది. 1876–78 కరవులో ఈ ప్రాంతం ఎండిపోయింది. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉంటున్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌకు సర్వే పని తెలుసు. తీరం వెంట ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పారా గంపా ఇచ్చి కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం కరవు తీవ్రంగా ఉన్నంత కాలం, ఏడాదికి పైగా, ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కాలువ గట్టు మీద మేస్త్రీలుగా నిలబడింది క్లౌ దగ్గరి క్రైస్తవ బోధకులే, విశ్రాంతి వేళల్లో సువార్త చెప్పింది కూడా వాళ్లే. కాబట్టి మతం ఊసే లేదని నేను అనను. కానీ కూలికి మతం షరతు కాలేదు. నాకు ఆ తేడా చాలా పెద్దది.

ఇక మొదటిది. అన్నం, బట్ట లేనివాడికి ఏమీ ఇవ్వకుండా చల్లగా ఉండమని దీవించి పంపితే ఏం లాభమని బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన లేఖ, ఏనాడో అడిగింది. అయితే ఇవ్వడంలోనూ వెర్రి ఉంటుంది. 2004 సునామీ తర్వాత కొత్తపట్నం వైపు వెళ్లినప్పుడు దారి పక్కన పాత బట్టల గుట్టలు చూశాను. అంచు ఊడిన పట్టు లంగాలు, బొత్తాలు లేని చొక్కాలు, జత లేని బూటు ఒకటి. లారీల మీద తెచ్చి పోసి వెళ్లారు, ముట్టుకున్నవాళ్లు లేరు. "మాకు వలలు కావాలి బాబూ, ఇవి కట్టుకుని సముద్రంలోకి పోతామా?" అంది ఒకావిడ. తర్వాత మా చర్చి సంఘంలో పోగైన కానుక వలలకూ, పడవ ఇంజను మరమ్మతులకూ వెళ్లింది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ వేట మళ్లీ మొదలైంది.

ఇంకో మాట కూడా మీరు అడిగారు, ఊళ్లో పేదలుండగా ఎక్కడో ఆఫ్రికాకు పంపడం దేనికని. తొలినాళ్లలో యెరూషలేము పేదల కోసం అపొస్తలుడైన పౌలు చందా పోగుచేసినప్పుడు గ్రీసు వైపున్న మాసిదోనియ సంఘాలు తామే నిరుపేదలై ఉండి, వాళ్లెవరినీ చూడకుండానే ఇచ్చాయి. దూరం సాకు కాదు. నాకు గిట్టనిది వేరే ఉంది: దాతల కోసం పిల్లల చేతికి పలక ఇచ్చి, దాని మీద పేరూ నంబరూ రాయించి ఫోటో తీయడం. ఆ ఫోటో చూసి ఇచ్చేవాళ్ల మనసు మంచిదే కావచ్చు, ఆ పిల్ల ముఖం మాత్రం నేను చూడలేను.

మీరు అడగకపోయినా మా క్రైస్తవుల అసలు లోపం ఒకటి చెబుతాను. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టినవాళ్లూ, నడుం వంగిపోయినవాళ్లూ ఊరూరా కనిపిస్తారు. సంఘాలు రోగాలు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూటాలు పెడతాయి, కొన్ని నీటి ప్లాంట్లు కూడా పెట్టించాయి. కృష్ణా నీళ్లను ఈ వైపుకు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఎప్పుడిస్తారని ప్రభుత్వాన్ని మా వేదికల మీద నుంచి అడగగా మాత్రం నేను వినలేదు. పేదల కూలి ఎగ్గొట్టినవాళ్లను తిట్టిన ప్రవక్తల గ్రంథాలు ఆ వేదికల మీదే ఉంటాయి.

మీరు ఎక్కడికైనా డబ్బు పంపాలనుకుంటే రెండు అడగండి: ఇందులో అక్కడివాళ్లకు కూలిగా, పనిముట్లుగా చేరేది ఎంత? ఆరాధనకు రానివాళ్లకు కూడా ఇస్తారా? రెండోదానికి నీళ్లు నమిలితే పంపకండి.