ఎన్‌టీపీ ఉండగా ఎంబెడెడ్ లినక్స్ బోర్డుకు ఆర్‌టీసీ దేనికి?

బోర్డు ఎప్పుడూ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, ఆన్ అయిన కాసేపటికి ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతి) సర్వర్ నుంచి సమయం తెచ్చుకుంటుంది, అలాంటప్పుడు పవర్ లేనప్పుడూ బ్యాటరీతో సమయం లెక్కించే ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) చిప్ ఎందుకని మీరు అడిగారు. తప్పకుండా కావాలన్నదే నా సమాధానం. అయితే అందుకు కారణం, రీబూట్ అయిన ప్రతిసారీ బోర్డు 1970 జనవరి 1 అని చూపించడం కాదు. సమయం తెలియనప్పుడు లినక్స్ లెక్క మొదలుపెట్టే ఆ తేదీ చూసినవాళ్లకు అది తప్పని వెంటనే తెలిసిపోతుంది. అచ్చం నిజంలా కనిపించే తప్పుడు సమయం చూపించడమే అసలైన ప్రమాదం. ఈ తేడా నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

కొన్నేళ్ల కిందట మందులు నిల్వచేసే ఒక శీతల గది కోసం ఉష్ణోగ్రత నమోదుచేసే పరికరం తయారుచేశాం. గదిలో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చిన్న లినక్స్ బోర్డు, దానికొక సెన్సర్, నిమిషానికొక రీడింగ్, అంతే పని. బోర్డు మీద ఆర్‌టీసీ లేదు. దాని బదులు ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. అది గంటకొకసారి, పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే అప్పుడు మరొకసారి, ఆ సమయాన్ని ఒక ఫైలులో రాసిపెడుతుంది. మళ్లీ బూట్ అయినప్పుడు గడియారాన్ని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. కరెంటు ఎంతసేపు లేదో దానికి తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఆ తర్వాత మాకు వచ్చిన లాగ్‌లో 02:17 నుంచి 02:52 వరకు రీడింగులు విచిత్రంగా ఉన్నాయి: 3.9, ఆ వెంటనే 13.6, మళ్లీ 3.9, మళ్లీ 13.5, తర్వాత 4.0, 13.5. గ్రాఫ్ గీస్తే రంపపు పళ్లలా వచ్చింది. 02:55 తర్వాత ఏమీ లేదు, తిరిగి 09:15కు రీడింగులు మొదలయ్యాయి. కరెంటు పూర్తిగా పోయే ముందు వోల్టేజ్ పడిపోయి సెన్సర్ గాడి తప్పిందని మేమందరం తీర్మానించుకున్నాం. సెన్సర్ మార్చాం. కేబుల్ మార్చాం. పవర్ లైన్‌లో పెద్ద కెపాసిటర్ పెట్టాం. తర్వాతిసారి కరెంటు పోయినప్పుడు అవే రంపపు పళ్లు మళ్లీ కనిపించాయి.

మూడో వారంలో నాతో పనిచేసే ఒకామె ఆ డేటాను సమయం ప్రకారం కాకుండా, ప్రతి రీడింగుకూ ప్రోగ్రామ్ ఇచ్చే వరుస సంఖ్య ప్రకారం పేర్చి చూసింది. రంపపు పళ్లు మాయమై రెండు నున్నని గీతలు విడివిడిగా బయటపడ్డాయి. మొదటిది కరెంటు పోకముందు రీడింగులది, 4 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంది. రెండోది 13.6 దగ్గర మొదలై మెల్లగా దిగుతోంది. అవి కరెంటు తిరిగి వచ్చిన తర్వాతి రీడింగులు. ఉదయం 08:40కి కరెంటు వచ్చింది, బోర్డు ఫైలులో ఉన్న 02:17 నుంచి గడియారాన్ని మొదలుపెట్టింది, అక్కడి నెట్‌వర్క్ పనిచేయడానికి మరో 35 నిమిషాలు పట్టింది, అప్పుడు ఎన్‌టీపీ గడియారాన్ని ఒక్కసారిగా 09:15కు దూకించింది. ఆ 35 నిమిషాల రీడింగులన్నీ కరెంటు ఉన్న రాత్రివేళ రీడింగుల మధ్యకు వెళ్లి కూర్చున్నాయి. ఆ రాత్రి గది ఎంత వేడెక్కిందో చెప్పే రీడింగులు అవే, వాటినే మేము సెన్సర్ లోపమని కొట్టిపారేశాం. సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెప్పింది.

అదే బోర్డు 1970 చూపించి ఉంటే ఆ 35 వరుసలు విడిగా కనిపించేవి, ఎవరో ఒకరు అదే రోజు కారణం అడిగేవారు. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ పనికిరానిదని నేను అనడం లేదు. లినక్స్‌లో ఎన్‌టీపీ సమయం తెచ్చే సిస్టమ్‌డి-టైమ్‌సింక్‌డి ప్రోగ్రామ్ కూడా ఒక ఫైలు తేదీని ఆధారం చేసుకుని ఇదే పని చేస్తుంది. గడియారం 1970లో ఉంటే సర్వర్ అసలైనదేనని రుజువుచేసే ఏ టీఎల్ఎస్ సర్టిఫికెట్ అయినా ఇంకా అమలులోకి రానట్టే కనిపిస్తుంది, సర్వర్‌తో కనెక్షనే కుదరదు. ఆ ఇబ్బందిని తప్పించడానికి ఇలాంటి ప్రోగ్రాములు చాలు. ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఈ సర్టిఫికెట్ సమస్య ఎదురైనప్పుడు గడియారాన్ని బాగుచేయకుండా, సర్టిఫికెట్ తనిఖీనే ఆపేసి పరికరాలను బయటికి పంపేవాళ్లను నేను చాలామందిని చూశాను. గడియారం లోపాన్ని కప్పిపుచ్చడానికి భద్రతను వదులుకోవడం నాకు ఏ కోశానా మింగుడుపడదు.

ఆ అనుభవం తర్వాత ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ బదులు డీఎస్3231 అనే ఆర్‌టీసీ చిప్ పెట్టాం. మామూలు ఆర్‌టీసీలలో సెకనుకు 32,768 సార్లు కంపించే క్రిస్టల్ ఉంటుంది. దానిలో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా ఉంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు సుమారు 50 సెకన్లు తప్పుతుంది. డీఎస్3231 ఉష్ణోగ్రతను కొలుచుకుని తనను తాను సరిదిద్దుకుంటుంది కాబట్టి 0 నుంచి 40 డిగ్రీల మధ్య తేడా 2 పీపీఎం లోపే, అంటే ఏడాదికి ఒక నిమిషం దగ్గర. నెట్‌వర్క్ లేని ఆ మొదటి అరగంట గడవడానికి ఇది చాలు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చౌకగా దొరికే కొన్ని డీఎస్3231 మాడ్యూళ్లలో రీఛార్జ్ అయ్యే సెల్ కోసం ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది; వాటిలో మామూలు సీఆర్2032 కాయిన్ సెల్ వేసి 5 వోల్టులు ఇస్తే ఛార్జ్ చేయకూడని సెల్‌ను ఛార్జ్ చేసినట్టవుతుంది.

చిప్ పెట్టాం, బల్ల మీద పరీక్షించాం, ప్రతి రీబూట్‌లోనూ సమయం సరిగ్గా వచ్చింది. నిజానికి మేము పరీక్షించింది చిప్‌ను కాదు, నెట్‌వర్క్ కేబుల్‌ను. ఆ కేబుల్ పీకి, పవర్ తీసి, పది నిమిషాలాగి ఆన్ చేస్తే 1970 ప్రత్యక్షమైంది. మా ప్రాసెసర్ లోపలే ఒక ఆర్‌టీసీ ఉంది, దానికి బ్యాటరీ లేదు. లినక్స్ మూలభాగమైన కెర్నల్ దానికి ఆర్‌టీసీ0 అని పేరు పెట్టింది, మేము కొత్తగా పెట్టిన చిప్ ఆర్‌టీసీ1 అయింది. బూట్ సమయంలో కెర్నల్ గడియారం పెట్టుకునేది ఆర్‌టీసీ0 చూసి. బ్యాటరీ ఉన్న చిప్ సరైన సమయంతో పక్కనే ఉన్నా దాన్ని అడిగినవాళ్లు లేరు. బోర్డులో ఏ చిప్‌లు ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీలోని ఏలియాసెస్ (మారుపేర్ల) విభాగంలో ఆర్‌టీసీ0 అంటే బయటి చిప్ అని ఒక్క వరుస రాస్తే సమస్య తీరింది. చిప్‌ను నడిపే డ్రైవర్‌ను కూడా తర్వాత విడిగా లోడ్ అయ్యే మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్‌లోనే కలిపాం, ఎందుకంటే పాత కెర్నళ్లలో మాడ్యూల్ లోడ్ అయ్యేలోపే గడియారం పెట్టే దశ దాటిపోతుంది. మీకు చిప్ ఉండి కూడా 1970 వస్తుంటే ముందుగా ఈ రెండూ చూడండి. కెర్నల్ ఏ ఆర్‌టీసీ చూసి గడియారం పెట్టుకుందో బూట్ సందేశాల్లోనే ఉంటుంది.

ఆర్‌టీసీలోకి సమయం ఎప్పుడు రాస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. కొన్ని సిస్టమ్‌లలో షట్‌డౌన్ స్క్రిప్ట్ హెచ్‌డబ్ల్యూక్లాక్ ఆదేశంతో ఆ పని చేస్తుంది. కానీ ఇలాంటి పరికరాలను ఎవరూ షట్‌డౌన్ చేయరు, ప్లగ్ పీకుతారు. అంతకంటే పెద్ద చిక్కు, గడియారం తప్పుగా ఉన్న రోజున షట్‌డౌన్ జరిగితే ఆ తప్పే చిప్‌లోకి వెళుతుంది. డీఎస్3231లో ఆసిలేటర్ (సమయం లెక్కించే కంపనం) ఎప్పుడైనా ఆగితే గుర్తుగా నిలిచే ఒక బిట్ ఉంటుంది. అది ఉందంటే చిప్‌లోని సమయాన్ని నమ్మకూడదని అర్థం.  అంటే నాకు సమయం తెలియదని చిప్ చెప్పగలుగుతున్నా, మన స్క్రిప్ట్ ఆ మాట పట్టించుకోకుండా అందులో తప్పుడు తేదీ పెడుతుంది. అందుకే నేను షట్‌డౌన్‌లో రాయించడం పూర్తిగా మానేశాను. కెర్నల్‌లోనే ఒక ఏర్పాటు ఉంది: గడియారం ఎన్‌టీపీతో సరిపోలి ఉన్నప్పుడు మాత్రమే, సుమారు 11 నిమిషాలకొకసారి, అది ఆర్‌టీసీని సరిచేస్తుంది. క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ వాడేవాళ్లు కాన్ఫిగరేషన్‌లో ఆర్‌టీసీసింక్ అనే మాట చేరిస్తే చాలు. చిప్‌లో ఎప్పుడూ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీయే ఉంచండి, స్థానిక సమయం వద్దు.

ఇన్ని చేసినా బ్యాటరీ ఒకనాడు అయిపోతుంది. కాబట్టి లాగ్‌లో గడియారం చూపే సమయం ఒక్కటే నమోదుచేయడం నాకు సమ్మతం కాదు. ఇప్పుడు మా పరికరాల్లో ప్రతి రీడింగుతో పాటు మరో మూడు విషయాలు రాస్తాం: కెర్నల్ ప్రతి బూట్‌కూ కొత్తగా ఇచ్చే బూట్ ఐడీ, బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లు, ఆ క్షణానికి గడియారం ఎన్‌టీపీతో సరిపోలిందా, ఆర్‌టీసీ నుంచి వచ్చిందా, లేక ఏ ఆధారమూ లేదా అని తెలిపే ఒక అక్షరం. ఎన్‌టీపీ గడియారాన్ని దూకించినా, బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లు చెదరవు. నెట్‌వర్క్ వచ్చి సరైన సమయం తెలిసిన తర్వాత, అదే బూట్ ఐడీ ఉన్న పాత రీడింగులన్నింటికీ వెనక్కి లెక్కవేసి సరైన సమయం ఇవ్వవచ్చు. ఈ పద్ధతి ఆ రాత్రే ఉండి ఉంటే 13.6 అన్న రీడింగు పక్కన 08:40 అని పడేది.

మీ బోర్డును పరీక్షించేటప్పుడు పవర్ ప్లగ్, నెట్‌వర్క్ కేబుల్ రెండూ పీకి రాత్రంతా వదిలేయండి. ఉదయం పవర్ మాత్రమే ఇచ్చి, లాగ్‌లో మొదటి వరుస ఏ సమయంతో మొదలైందో మీ చేతి గడియారంతో పోల్చి చూడండి. తర్వాత కాయిన్ సెల్ కూడా తీసేసి అదే పరీక్ష మరోసారి చేయండి. ఈ రెండోసారి మొదటి వరుసలో ఏ ఆధారమూ లేదని తెలిపే అక్షరం కనిపించాలి.